మందు సీసా మీద రాసిన మాట

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో సామానంతా అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయాక చేతిసంచిలో మిగిలేది మందుల డబ్బా. దాన్ని లారీలో వేయం, రైల్లో మన దగ్గరే పెట్టుకుంటాం. కొత్త ఊళ్లో దిగిన మొదటి వారంలోనే నీళ్లు పడక ఎవరికో ఒకరికి జ్వరమో, విరేచనాలో పట్టుకోవడం మనందరికీ అలవాటైన సంగతే. ఆ ఊళ్లో మంచి డాక్టరు ఎవరో మనకింకా తెలియదు. ఏ షాపు నమ్మదగిందో చెప్పే పక్కింటి పిన్నిగారు ఇంకా పరిచయం కాలేదు. షాపతను మాట్లాడే భాష సగమే అర్థమవుతుంది. అలాంటప్పుడు మనం నమ్మగలిగింది ఒక్కటే, సీసా మీద అచ్చువేసిన అక్షరాలు.

అందుకే పుట్టిన ఊళ్లోనే పెరిగే పిల్లల కంటే మనలా ఊళ్లు మారే కుటుంబాలకు లేబుల్ మీది అబద్ధం ఎక్కువ హాని చేస్తుంది. వాళ్లకు అడగడానికి నలుగురు మనుషులుంటారు. మనకు చాలాసార్లు ఆ అక్షరాలే దిక్కు. మందుల మీద, మందుల్లా కనిపించే డబ్బాల మీద తప్పుడు ఆరోగ్య ప్రచారాలను అరికట్టడానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలను మనం సమర్థించాలి. ఆ చర్యలు ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా ఉండాలని కోరాలి. దానితో పాటు ఒక లేబుల్‌ను సరిగ్గా చదవడం కూడా భాష నేర్చుకోవడంలో భాగమేనని మా అభిప్రాయం.

పొగతో రాసినా ప్రకటనే

మన దేశంలో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక చట్టం 1954లోనే వచ్చింది. దాని పేరు డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. ప్రకటన అంటే పత్రికలోనో టీవీలోనో వచ్చేదని మనం అనుకుంటాం. ఈ చట్టం దృష్టిలో నోటీసు, కరపత్రం, సీసాకు అంటించిన లేబుల్, మందుకు చుట్టిన కాగితం, నోటితో చేసే ప్రచారం అన్నీ ప్రకటనలే. వెలుతురుతోనో, శబ్దంతోనో, చివరికి పొగతోనో చేసిన ప్రచారాన్ని కూడా అందులో చేర్చారు. ఎవరూ ఏ సందులోంచీ తప్పించుకోకూడదని ఆనాటి వాళ్లు ఎంత జాగ్రత్తపడ్డారో చూడండి.

ఈ చట్టానికి ఒక జాబితా ఉంది. అందులో 54 రోగాలు, శారీరక పరిస్థితులు ఉన్నాయి. మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు, కీళ్లవాతం, పక్షవాతం, మూర్ఛ, మూత్రపిండాల్లో రాళ్లు, స్థూలకాయం, క్షయ, అన్ని రకాల జ్వరాలు వాటిలో కొన్ని. ఇవి మా మందుతో నయమవుతాయని ప్రజలకు ప్రకటించడమే నేరం. మీకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. ఆ జాబితాలో మనిషి ఎత్తు కూడా ఉంది. 'ఎత్తు పెంచుతుంది' అని ఊరించే మందుల వ్యాపారం ఈ నాటిది కాదన్నమాట.

1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో ఇలాంటిదే మరో పట్టిక ఉంది. దాన్ని షెడ్యూల్ జె అంటారు. అందులోని 51 పేర్లలో మెదడు సామర్థ్యం, జ్ఞాపకశక్తి పెరగడం, పిల్లల ఎత్తు పెరగడం, చర్మం తెల్లబడడం, తెల్లజుట్టు నల్లబడడం కూడా కనిపిస్తాయి. వీటిని సాధిస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. పరీక్షల కాలం రాగానే జ్ఞాపకశక్తి టానిక్కుల గురించి అడిగే పిల్లలూ, వాళ్ల కంటే ఆత్రంగా అడిగే తల్లిదండ్రులూ ఈ పట్టికను ఒకసారి చూస్తే బాగుంటుంది.

ఈ రెండు జాబితాలను వరుసగా చదివితే ఒక పోలిక దొరుకుతుంది. వీటిలో చాలావరకు త్వరగా తగ్గని జబ్బులు, లేదా నలుగురిలో చెప్పుకోవడానికి మనం సిగ్గుపడే విషయాలు. డాక్టరు 'జీవితాంతం మాత్రలు వాడాలి' అన్న చోట సీసా 'నలభై రోజుల్లో పూర్తిగా పోతుంది' అంటుంది. రోగి కోరిందీ అదే, లేబుల్ చెప్పిందీ అదే. ఆ సీసాను నమ్మి మధుమేహం మాత్రలు మానేసిన మనిషికి ఆ నలభై రోజుల్లో జరిగే నష్టాన్ని ఎవరు తిరిగి ఇవ్వగలరు? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఇలాంటి అనుభవాల్లోంచే పుట్టి ఉంటుంది.

ఈ చట్టం తమ భావప్రకటనా స్వేచ్ఛకు అడ్డు వస్తోందని హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1959 డిసెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. సరుకు అమ్ముకోవడానికి వేసే ఇలాంటి ప్రకటనకు పౌరుడి అభిప్రాయానికి ఉండే రక్షణ ఉండదని, ప్రజలు తమకు తామే వైద్యం చేసుకోకుండా ఆపడానికి చట్టం చేయవచ్చని ఆ తీర్పు సారాంశం. తనిఖీ చేసి స్వాధీనం చేసుకునే అధికారం మాత్రం హద్దు లేకుండా ఉందని కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. 1963లో పార్లమెంటు దాన్ని సరిచేసింది. పౌరశాస్త్రంలో మీరు చదివే హక్కులు, వాటికి ఉండే సమంజసమైన పరిమితులు ఒక మందు సీసా దగ్గర ఎలా కలుసుకున్నాయో గమనించండి.

చదవడమే తనిఖీ

ఇటీవలి కాలంలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు మందుల షాపుల్లో చేసిన తనిఖీల వార్తలు తరచుగా వస్తున్నాయి. కీళ్లవాతాన్ని తగ్గిస్తుందని, మూత్రపిండాల్లో రాళ్లను కరిగిస్తుందని, జ్వరాన్ని పోగొడుతుందని లేబుల్ మీద రాసుకున్న మందులను పట్టుకుని కేసులు పెడుతున్నారు. ఈ కేసుల్లో ఒక ప్రత్యేకత ఉంది. నకిలీ మందును నకిలీ అని తేల్చాలంటే దాన్ని ప్రయోగశాలకు పంపి, ఫలితం కోసం ఎదురుచూడాలి. ఇక్కడ సీసా మూత తీయనక్కర్లేదు. లేబులే సాక్ష్యం. అధికారి చేయాల్సిన మొదటి పని, దాన్ని శ్రద్ధగా చదవడం.

అధికారి చేయగలిగిన ఆ మొదటి పని మీరూ చేయగలరు. తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన భాష చాలు.

అయితే ఈ తనిఖీలకు ఒక ఇబ్బంది ఉంది. మందు తయారీకి లైసెన్సు ఇచ్చేది తయారీ కేంద్రం ఉన్న రాష్ట్రం. ఆ మందు అమ్ముడయ్యేది దేశమంతటా. మనలాగే మందు సీసాలకు కూడా రాష్ట్రాలు దాటే జీవితమే. అమ్మిన రాష్ట్రంలో అధికారి షాపులోని సరుకును పట్టుకోగలడు గానీ, వేరే రాష్ట్రం ఇచ్చిన లైసెన్సును రద్దు చేయలేడు. శిక్ష కూడా చిన్నదే. 1954 చట్టం ప్రకారం మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది వరకు. ఈ శిక్షలను పెంచుతూ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020లో ఒక ముసాయిదా విడుదల చేసింది. మొదటి నేరానికి 2 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉండాలని అందులో ప్రతిపాదించారు. కోట్లలో అమ్ముడుపోయే సరుకుకు ఆ మాత్రం భయం అవసరమే.

మూడు అక్షరాల కథ

లేబుల్ మీద ఒక పెద్ద వాక్యమే ఉండాలని లేదు. ఒక్కోసారి మూడు అక్షరాలు చాలు. ఓఆర్‌ఎస్ సంగతి అందుకు మంచి ఉదాహరణ.

1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం జరుగుతున్నప్పుడు లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. సరిహద్దు దగ్గరి బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. నరం ద్వారా ఎక్కించే సెలైన్ అయిపోయింది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను పీపాల్లో నింపి రోగులకు తాగించారు. తాగించిన వాళ్లలో ఎక్కువమంది నర్సులు కాదు, రోగుల బంధువులే. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. ఆయన 2022 అక్టోబరులో మరణించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు 1980 నుంచి పదేళ్ల పాటు ఇల్లిల్లూ తిరిగి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, కొలిచిన నీళ్లతో ఈ ద్రావణం ఎలా కలపాలో కోటికి పైగా ఇళ్లలో తల్లులకు నేర్పారు. తల్లి ఎంత బాగా గుర్తుపెట్టుకుని తిరిగి చెప్పగలిగితే కార్యకర్తకు అంత ఎక్కువ డబ్బు ముట్టేది. అక్కడ లేబుల్ లేదు. మాట ఉంది, ఆ మాటకు లెక్క ఉంది.

లెక్క ఎందుకంటే, ఈ ద్రావణంలో కొలతే మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఇప్పటి కొలత ప్రకారం లీటరు నీటిలో కలిపే పొడి మొత్తం 20.5 గ్రాములు. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు. పేగు గోడలోంచి లోపలికి వెళ్లేటప్పుడు గ్లూకోజు సోడియాన్ని తనతో తీసుకుపోతుంది, వాటి వెంట నీరు వెళుతుంది. చక్కెర మోతాదు మించితే కథ తిరగబడుతుంది. ఆ చక్కెర ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఎక్కువవుతాయి. పెద్దవాళ్లు ఎలాగో తట్టుకున్నా, ఏడాది బిడ్డ తట్టుకోలేడు.

ఇప్పుడు మన షాపుల్లోకి రండి. పేరులో ఓఆర్‌ఎస్ అనే అక్షరాలను కలుపుకున్న తీపి పానీయాలు మందుల షాపుల్లో, ఆసుపత్రుల పక్కనే అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర అసలు ఓఆర్‌ఎస్‌లో ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ సంగతిని గమనించి దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. అధికారులకు లేఖలు రాశారు, తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు, తల్లిదండ్రులకు పదేపదే చెప్పారు.

ఈ మధ్యలో జరిగిన దాన్ని భాష చదివే వాళ్లం ప్రత్యేకంగా గమనించాలి. 2022 జులైలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక వెసులుబాటు ఇచ్చింది. పేరులో ఓఆర్‌ఎస్ అనే అక్షరాలను ముందో వెనకో ఏదైనా చేర్చి వాడుకోవచ్చు, కానీ ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదని లేబుల్ మీద రాయాలి అంది. అంటే సీసా మీద పేరు 'నేను ఓఆర్‌ఎస్' అంటుంది, ఆ పక్కన ఉన్న వాక్యం 'నేను ఓఆర్‌ఎస్ కాను' అంటుంది. అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకుని షాపుకు పరిగెత్తిన తండ్రి కంటికి ఆ రెండింటిలో ఏది ముందు పడుతుంది?

2025 అక్టోబరు 14న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ వెసులుబాటును వెనక్కి తీసుకుంది. ఏ ఆహార పదార్థం పేరులోనూ, ట్రేడ్‌మార్కులోనూ ఓఆర్‌ఎస్ అనే మాట ఒంటరిగా గానీ, మరో మాటతో కలిసి గానీ ఉండకూడదని ఆదేశించింది. ఇది చాలా మంచి నిర్ణయం. ఆలస్యంగా వచ్చిందన్నదీ నిజమే. పేరు పెట్టడం కూడా ఒక వాగ్దానమేనని, పెద్ద అక్షరాలతో చేసిన వాగ్దానాన్ని పక్కన మరో వాక్యం రాసి వదిలించుకోలేరని ఒక ప్రభుత్వ సంస్థ ఒప్పుకుంది. మా దృష్టిలో ఈ ఆదేశంలోని అసలు విలువ అదే. మిగతా మందుల లేబుళ్లకు కూడా ఇదే సూత్రం వర్తించాలి.

ఇది ఆయుర్వేదం మీద దాడా?

ఇలాంటి చర్యలు జరిగినప్పుడల్లా ఒక అభ్యంతరం వినిపిస్తుంది. మన సంప్రదాయ వైద్యాన్ని తొక్కేస్తున్నారని కొందరు బాధపడతారు. ఆ బాధను తేలిగ్గా తీసుకోకూడదు. మన ఇళ్లలో జలుబుకు మిరియాల కషాయం, అజీర్తికి వాము నీళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని ఎవరూ నిషేధించలేదు. 1954 చట్టం ఆయుర్వేదానికో, యునానీకో, అల్లోపతికో విడిగా వర్తించేది కాదు, అందరికీ ఒకటే. మందు తయారుచేయవద్దని అది అనడం లేదు. జాబితాలోని జబ్బులకు ఇదే విరుగుడు అని జనంలోకి వెళ్లి చాటవద్దని అంటోంది. నాడి చూసి, మనిషిని బట్టి మందిచ్చే వైద్యుడి ఎదుట కూర్చోవడం వేరు. మనిషిని చూడకుండానే 'అందరికీ, అన్ని వయసుల వారికీ' అని రాసిన సీసాను కొనడం వేరు. నిజానికి ఆ రెండో పని వల్ల మంచి వైద్యుడి పేరే ముందు చెడుతుంది.

లేబుల్‌కూ వ్యాకరణం ఉంది

ఇక మన పని సంగతి. తెలుగు తరగతిలో కర్త, కర్మ, క్రియ గుర్తించడం మీకు వచ్చు. అదే పని లేబుల్ మీద చేయండి.

ముందు క్రియను చూడండి. 'ఉపశమనం ఇస్తుంది', 'తోడ్పడుతుంది', 'నయం చేస్తుంది' అనేవి మూడు వేర్వేరు మాటలు. మొదటిది బాధ కాసేపు తగ్గుతుందంటుంది. రెండోది సాయం చేస్తానంటుంది, ఎంత సాయమో చెప్పదు. మూడోది రోగమే పోతుందంటుంది. రాసేవాళ్లు మొదటి మాట రాసి మూడో అర్థం మన మనసులో కలిగేలా పక్కన బొమ్మ వేస్తారు. కర్ర పట్టుకున్న తాతగారి బొమ్మ, పక్కనే కర్ర పారేసి పరిగెత్తే తాతగారి బొమ్మ. బొమ్మ కూడా మాటే. లేబుల్ మీద తప్పుదారి పట్టించే రాతతో పాటు బొమ్మనూ గుర్తునూ లెక్కలోకి తీసుకోవాలని 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం చెబుతోంది.

తర్వాత విశేషణాలు చూడండి. 'సమూలంగా', 'శాశ్వతంగా', 'నూటికి నూరుపాళ్లు', 'ఎలాంటి దుష్ఫలితాలూ లేకుండా' అనే మాటలు కనిపిస్తే అక్కడ ఆగండి. ఒంటి మీద పనిచేసే ఏ పదార్థమైనా ఎవరో ఒకరికి పడకపోవచ్చు. అది పడనివాళ్లు ఎవరూ ఉండరని సీసాకు ఎలా తెలిసింది?

మూడోది, లేబుల్ చెప్పాల్సినవి చెప్పిందో లేదో చూడండి. మందు అసలు పేరు, తయారుచేసిన వారి చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. మందు లైసెన్సుకు బదులు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని కింద 14 అంకెల నంబరు ఉంటే ఆ డబ్బాలో ఉన్నది చట్టం ప్రకారం ఆహారం. అది మందుల షాపులో ఉన్నా, మందు సీసాలా కనిపించినా మందు కాదు. పోషకాల పొడుల డబ్బాల మీద 'వైద్యానికి వాడేది కాదు' అనే అర్థం వచ్చే హెచ్చరిక కూడా ఉంటుంది. చిన్న అక్షరాలున్న వైపు డబ్బాను తిప్పి చూడండి. మాత్రల పట్టీ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు రాసివ్వకుండా వేసుకోకూడదని అర్థం.

మనకున్న ఒక అదృష్టం ఏమిటంటే మన తరగతుల్లో నాలుగైదు భాషలు తెలిసిన పిల్లలుంటారు. ఒకే లేబుల్ మీద ఇంగ్లిషులో ఒకలా, హిందీలోనో తెలుగులోనో మరింత ఘనంగా రాసి ఉందేమో పోల్చి చూడగలిగేది మీరే. మీ క్వార్టర్స్‌లో ఇంగ్లిషు చదవలేని అమ్మమ్మగారికో, కొత్తగా వచ్చిన ఇరుగుపొరుగు వారికో ఆ చిన్న అక్షరాలను చదివి వినిపించండి. డాక్టరు చెప్పిన దానికీ లేబుల్ చెప్పేదానికీ పొత్తు కుదరకపోతే పెద్దవాళ్లతో చెప్పండి. అనుమానం బలంగా ఉంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ కార్యాలయానికి ఫిర్యాదు చేయమనండి.

ఇంత చెప్పినా, బాధ్యతంతా చదివేవాడి మీదే పెట్టడం న్యాయం కాదు. చదువు రాని వాళ్లు, కంగారులో ఉన్నవాళ్లు, నొప్పితో ఉన్నవాళ్లు లేబుల్‌ను పరిశీలించి కొనలేరు. వాళ్ల తరఫున ముందే చదవాల్సింది ప్రభుత్వం. సీసా షాపుకు వచ్చాక పట్టుకోవడం కంటే లైసెన్సు ఇచ్చేటప్పుడే లేబుల్ చూసి సరిచేయడం మేలు. ఒక రాష్ట్రంలో పట్టుబడిన లేబుల్ వివరం మిగతా రాష్ట్రాలకు వెంటనే చేరాలి. మందు గొప్పతనాన్ని ఏ భాషలో, ఎంత అక్షరాల్లో రాశారో హెచ్చరికను కూడా ఆ భాషలో, అంత అక్షరాల్లోనే రాయాలి. ఈ మూడూ అసాధ్యమైనవి కావు.

మరో మాట. లేబుల్ మీద మాటలు వాటంతట అవి పుట్టవు. ఎవరో ఒక చదువుకున్న మనిషి బల్ల ముందు కూర్చుని, ఏ పదం వేస్తే ఎక్కువ సీసాలు అమ్ముడవుతాయో ఆలోచించి రాస్తాడు. మీలో కొందరు రేపు డాక్టర్లవుతారు, ఫార్మసిస్టులవుతారు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లవుతారు. భాష బాగా వచ్చిన ఒకరిద్దరికి ఆ బల్ల ముందు కుర్చీ కూడా దొరకవచ్చు. 'ఉపశమనం' అని రాయాల్సిన చోట 'నివారణ' అని రాయమని పైవాళ్లు చెప్పే రోజు రావచ్చు. ఆ రెండు మాటల మధ్య తేడా తెలియదని మీరు అనలేరు. అది మేము తరగతిలో చెప్పాం.